బాపు కష్టం చెప్తేనే పెట్టుబడి వస్తదా?

వరంగల్ కొత్తవాడ నుంచి ఒక చెల్లెలు నాలుగు పేజీల ఉత్తరం రాసింది. పేరు వేయొద్దని కోరింది కాబట్టి వేయడం లేదు. ఆమె చెప్పుకున్నది క్లుప్తంగా ఇది.

ఆమెకు 31 ఏళ్లు. పుట్టిల్లు చేనేత ఇల్లు. తండ్రి దర్రీలు, అంటే మనం ఇండ్లల్లో జంపఖానాలు అనేవి, నేసేవాడు. మూడేళ్ల కింద ఆమె, ఆమె మరిది కలిసి చిన్న వ్యాపారం మొదలుపెట్టారు. వాడకట్టులోనే 11 మగ్గాల మీద నేయించి ఇండ్లకు, హోటళ్లకు అమ్ముతున్నారు. ఇప్పుడు సొంతంగా రంగుల అద్దకం యూనిట్ పెట్టుకోవడానికి 18 లక్షలు కావాలి. వచ్చే నెల హైదరాబాద్‌లో పెట్టుబడిదారుల ముందు 7 నిమిషాలు మాట్లాడే అవకాశం వచ్చింది. ఇంతకుముందు ఒకసారి ఇట్లాగే పోయి 22 స్లైడ్లు చూపించింది. మూడో స్లైడుకే ఎదురుగా కూర్చున్నవాళ్లు ఫోన్లు చూసుకోవడం మొదలుపెట్టారట. అందుకని ఎంబీఏ చదివిన మరిది "ఈసారి లెక్కలు వద్దు వదినా, కథ చెప్పాలె" అంటున్నాడు.

ఏ కథ అన్నదగ్గర చిక్కు పడింది. ఆమె తండ్రి ఒక దశలో మగ్గం ఆపేసి, నాలుగేళ్లు హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్ దగ్గర వాచ్‌మన్‌గా చేశాడు. వాడకట్టులో మాత్రం బట్టల షాపులో గుమస్తానని చెప్పుకున్నాడు. తల్లికి, ఈమెకు తప్ప ఎవరికీ తెలియని సంగతి అది. ఒకరోజు మాటల్లో మరిదికి చెప్పింది. ఆయన అక్కడికక్కడే "ఇదే మన కథ. ఏడిపియ్యాలె వదినా, ఏడిస్తెనే పైసలు బయటికొస్తయి" అన్నాడు. ఇంట్లో ఒకసారి చెప్పి చూస్తే మరిది కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఈమెకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కార్యక్రమాన్ని వీడియో తీసి యూట్యూబ్‌లో పెడతారని ఆ తర్వాత తెలిసింది. ఇది చాలదన్నట్టు ముత్తాతలు నిజాం ప్యాలెస్‌కు తివాచీలు నేశారని, 1851లో తమ తివాచీలు లండన్‌కు పోయాయని కూడా కలపమంటున్నాడు మరిది. చెప్పనంటే ఇంట్లో గొడవ. చెప్తే బాపు ముఖం ఎట్లా చూడాలన్న బాధ. "అక్కా, కథ చెప్పకపోతే వ్యాపారం నడవదా?" అని అడుగుతున్నది.

చెల్లెమ్మా,

ముందు ఆ నిద్ర పట్టని రాత్రి గురించి. వ్యాపారానికి కావలసిన తెగువ మీలో లేదేమోనని మిమ్మల్ని మీరే అనుమానించుకుంటూ రాశారు. నాకు ఎక్కడా అట్లా అనిపించలేదు. నాన్న పరువు ఆ 7 నిమిషాలు మీ నోట్లో ఉంటుందని మీకు తెలిసిపోయింది. అది తెలిసిన మనిషికి నిద్ర పట్టకపోవడమే సహజం.

మీ మరిది మీద కోపంగా రాశారు గాని, ఆయన మాటలో సగం నిజముంది. 22 స్లైడ్లు 7 నిమిషాల్లో చూపిస్తే ఒక్కోదానికి 20 సెకన్లు కూడా రావు. చేర్యాల పటాలు చూసే ఉంటారు, ఎర్రటి నేల మీద బొమ్మలు వేసినవి. వాటితో ఊరూరా కథ చెప్పేవాళ్లు పటమంతా ఒకేసారి పరిచెయ్యరు. ఒక గడి విప్పి, ఆ గడిలో ఉన్న ముచ్చట చెప్పి, జనం దాన్ని కళ్లారా చూశాక తర్వాతి గడి విప్పుతారు. మీరు పోయినసారి పటం మొత్తం ఒక్క విసురున విప్పేశారు. ఫోన్లు తీశారంటే వాళ్లది పొగరనుకోకండి, ఎక్కడ చూడాలో వాళ్లకు అందలేదు. కాబట్టి ఈసారి ఏదో ఒకటి మనిషిలాగా చెప్పాలన్న మీ మరిది పట్టుదలను నేను కాదనను.

ఏడిపిస్తేనే పైసలు వస్తాయన్న రెండో సగం దగ్గరే నాకు ఆయనతో పేచీ. నేను హనుమకొండలో ఒక బ్యాంకులో చాలా ఏళ్లు అప్పుల విభాగంలో పనిచేశాను. ఒకరోజు ఒకాయన పిండి గిర్ని పెద్దది చేసుకుంటానని లోన్‌కు వచ్చాడు. తల్లి ఆపరేషను, తమ్ముడు ఇల్లు విడిచిపోవడం, వడ్డీలు, అన్నీ చెప్పి ఏడ్చాడు. నాకూ మనసు కలుక్కుమంది. మంచినీళ్లు ఇచ్చాను. ఆయన పోయాక ఫైలు తెరిస్తే నేను రాయడానికి ఒక్క ముక్క లేదు. మా మేనేజరు "ఈయనకు ఎందుకు ఇవ్వాలంటున్నారు?" అని అడిగితే "పాపం" అనే మాట తప్ప నా దగ్గర ఏమీ లేదు. అప్పు మంజూరు కాలేదు.

మూడు వారాలకు ఆయనే మళ్లీ వచ్చాడు. ఈసారి చేతిలో ఒక పొడుగు నోటుబుక్కు. గిర్ని దగ్గర కూర్చునే భార్యతో ఒక పని చేయించాడట: తిరిగే గిర్ని ఒక్కటే కాబట్టి ఆగలేక, గింజలు పట్టించకుండానే వాపసు పోయిన ప్రతి మనిషికి ఒక గీత గీయమన్నాడు. పేజీ నిండా గీతలే. పండుగ ముందు రోజైతే రెండు పేజీలు. ఆమె గీసిన పెన్సిలు గీతలు ఒకటి వంకరగా, ఒకటి నిటారుగా, ఇప్పటికీ నా కళ్ల ముందున్నాయి. మా మేనేజరు ఆ నోటుబుక్కును తన చేత్తో తిరగేశాడు, ఆ తర్వాత నన్నేమీ అడగలేదు.

రెండుసార్లు వచ్చింది ఒకే మనిషి, ఒకే కష్టం. మొదటిసారి మమ్మల్ని జాలిపడమన్నాడు, రెండోసారి తన గిర్ని ముందు నిలబెట్టి చూపించాడు.

లెక్కల కంటే ఒక్క మనిషి కథకే జనం చేయి చాస్తారని మీ మరిది ఒక ప్రయోగం చూపించాడని రాశారు కదా, అది నిజమైనదే. డెబోరా స్మాల్, జార్జ్ లోవెన్‌స్టైన్, పాల్ స్లోవిక్ అనే ముగ్గురు పరిశోధకులు 2007లో అచ్చు వేయించారు. పాల్గొన్నవాళ్ల చేతికి 5 డాలర్లు ఇచ్చి, ఆఫ్రికాలో ఆకలి బాధితులకు ఎంత ఇస్తారో చూశారు. లక్షల మంది లెక్కలు చదివినవాళ్లు సగటున 1.14 డాలర్లు ఇచ్చారు. మాలి దేశంలోని రోకియా అనే ఏడేళ్ల పాప గురించి మాత్రమే చదివినవాళ్లు 2.38 ఇచ్చారు. పాప గురించీ, లెక్కలూ రెండూ కలిపి చదివినవాళ్లు 1.43 దగ్గర ఆగారు. "చూసినవా వదినా, లెక్కలు కలిపితే కథ చస్తది" అని మీ మరిది అన్నది దీన్ని పట్టుకునే.

కాని అది దానం. 5 డాలర్లు ఇచ్చి చేయి దులుపుకునే పని. మీ ఎదుట కూర్చునేవాళ్లు 18 లక్షలు ఇచ్చి ఏళ్ల తరబడి మీతో ముడిపడి ఉండేవాళ్లు. మీరు గది దాటి బయటికి వచ్చాక వాళ్లలో ఒకరు మిగతావాళ్లతో మీ తరఫున వాదించాలి. "పాపం, ఆమె తండ్రి వాచ్‌మన్ అట" అనేది వాదన అవుతుందా? మా మేనేజరు ముందు నా పరిస్థితే వాళ్లదీ అవుతుంది. మీరు ఇచ్చే కథ వాళ్లు ఇంకొకరికి చెప్పగలిగేదై ఉండాలి, అందులో వ్యాపారం ఉండాలి.

ఇప్పుడు మీ ఉత్తరం మూడో పేజీకి వస్తాను. అద్దకం యూనిట్ ఎందుకో చెబుతూ, మీరు పెద్దగా పట్టించుకోకుండా ఇట్లా రాశారు: "ఇప్పటికీ బాపు ప్రతి కొత్త జంపఖానా మూలను తడి తెల్లగుడ్డతో రుద్ది చూస్తెనే గని మడత పెట్టనియ్యడు. ఒకప్పుడు రంగు దిగిందని మూటకు మూట వాపసొచ్చి నష్టమంత ఆయన నెత్తిన పడ్డది. ఆ తర్వాతనే మగ్గం ఆపిండు."

ఈ మూడు వాక్యాలు చదివి నేను కాసేపు ఉత్తరం పక్కన పెట్టాను. మీరు వెతుకుతున్న కథ ఇదే. ఇందులో సమస్య ఉంది, ఆ సమస్యకు బలైన మనిషి ఉన్నాడు, ఆ మనిషి నేర్చుకున్న జాగ్రత్త ఉంది, మీరు అడిగే 18 లక్షలు ఎందుకో అదీ ఉంది. వాచ్‌మన్ ముచ్చట చెప్తే విన్నవాళ్లకు మీ నాన్న కష్టపడ్డాడని తెలుస్తుంది, దర్రీల గురించి ఏమీ తెలియదు. తడిగుడ్డ ముచ్చట చెప్తే నేత మనిషి ఎంత బాగా నేసినా అద్దకం చెడితే మొత్తం పోతుందని, ఆ నష్టం అద్దినవాడి మీద కాక నేసినవాడి మీద పడుతుందని తెలుస్తుంది. మీ యూనిట్ అవసరం వాళ్లంతట వాళ్లకే తోస్తుంది.

పైగా ఇది చేసి చూపించగల కథ. నోటితో చెప్పేదానికంటే చేత్తో చేసేది నమ్మిక పుట్టిస్తుంది. ఒక జంపఖానా బల్ల మీద పరచండి. తెల్ల చేతిరుమాలు నీళ్లలో ముంచి పిండండి. మూల మీద గట్టిగా, వాళ్లు చూస్తుండగా పదిసార్లు రుద్దండి. ఏమీ మాట్లాడకండి. రుమాలు విప్పి చూపించండి. అప్పుడు చెప్పండి:

"మా బాపు 30 ఏండ్ల సంది ప్రతి జంపఖానాను ఇట్లనే చూస్తడు. ఎందుకంటే ఒకసారి ఈ రుమాలుకు రంగు అంటింది. మూట మొత్తం వాపసొచ్చింది. నూలు ఆయనదే, కూలి ఆయనదే, నష్టం ఆయనదే. మగ్గం ఆపేసిండు. నేత చెడి కాదు, రంగు చెడి. మేము అడిగేది ఆ రంగు మా చేతిలోకి తెచ్చుకునుటానికి."

ఈ నాలుగు ముక్కలకు నిమిషంన్నర పడుతుంది. (30 ఏళ్లని నేను అంచనాగా రాశాను, మీ నాన్నను అడిగి సరైన లెక్క పెట్టండి.) మగ్గం ఆపేసి ఎటు పోయాడో చెప్పాల్సిన పనే లేదు. ఎవరైనా అడిగితే "వేరే పని చూసుకున్నడు" అనండి, అదీ అబద్ధం కాదు. మీ ఇంగ్లిష్ గురించి కూడా దిగులుపడ్డారు. రుమాలుకు ఇంగ్లిష్ అక్కర్లేదు. మొదటి నిమిషంన్నర మీ మాటలోనే చెప్పండి, లెక్కల దగ్గర మీ మరిది ఇంగ్లిష్‌లో అందుకుంటాడు. ఆయనకూ ఒక పాత్ర దొరుకుతుంది.

ఆ లెక్కలు ఎట్లా చెప్పాలో ఇప్పుడు చూద్దాం. ఐనవోలులోనో కొమురవెల్లిలోనో ఒగ్గు కథ వినే ఉంటారు. మన జనగామ వైపు చుక్క సత్తయ్య గారి లాంటి వాళ్లు కథ ఎత్తుకుంటే జనం తెల్లవార్లూ కదిలేవాళ్లు కాదు. అక్కడ అసలు కథకుడి పక్కన వంత పాడే మనిషి ఒకడుంటాడు. ఆయన ఊరికే ఊ కొట్టడు. "ఎట్లెట్ల? అట్లెందుకు జేసిండు మరి?" అని అడ్డుపడతాడు. వినేవాళ్ల మనసులో అప్పుడే మెదిలిన ప్రశ్న ఆయన నోట్లోంచి వస్తుంది, జవాబుతో కథ ముందుకు పోతుంది. మీకు రాత్రంతా లేదు, 7 నిమిషాలే ఉంది. కాని ఆ వంత మనిషిని మనసులో పక్కన కూర్చోబెట్టుకుని తయారు కండి. రుమాలు చూపించగానే ఆయన ఏమడుగుతాడు?

"బయట మంచి అద్దకం వాళ్ల దగ్గర చేయించుకోరాదా, సొంత యూనిట్ ఎందుకు?" ఇది మొదటిది, దీనికి మీ దగ్గర జవాబు గట్టిగా ఉండాలి. నూలుకు డైరెక్ట్ రంగులు చవక, అద్దడం సులువు, తడి తగిలితే దిగుతాయి. రియాక్టివ్ రంగులు పోగుతో రసాయనికంగా అతుక్కుంటాయి, కాని సోడా యాష్ పాలు, వేడి, టైము కుదరాలి. చివరికి అతుక్కోకుండా మిగిలిన రంగును మరిగే సబ్బునీళ్లలో కడిగి వదిలించాలి. ఈ చివరి కడుగుడుకు నీళ్లు, కట్టెలో గ్యాసో, పొద్దు ఖర్చవుతాయి కాబట్టి తొందరలో ఉన్నవాళ్లు మొదట కత్తెర వేసేది దానికే. మీరు పైసలు రియాక్టివ్‌కు కట్టినా కడుగుడు సరిగా లేకపోతే రంగు దిగుతుంది. బయటివాళ్ల దగ్గర ఆ మెట్టు జరిగిందో లేదో మీరు నిలబడి చూడలేరు. ఈ ముక్క అర్థమైతే 18 లక్షల్లో బాయిలరుకు ఎంత, తొట్లకు ఎంత అన్న లెక్క వాళ్లే అడిగి వింటారు.

"రంగు నీళ్లు ఎటు పోతయి?" ఇది తప్పకుండా వస్తుంది. అద్దకం యూనిట్‌కు కాలుష్య నియంత్రణ మండలి అనుమతి కావాలి, నీళ్లు శుద్ధి చేసే ఏర్పాటు చూపించాలి. మీ ఉత్తరంలోని ఖర్చుల పట్టికలో ఇది నాకు కనిపించలేదు. ఉంటే సరే, లేకపోతే ఈ నెలలోనే చేర్చండి. ఎంత మంచి కథైనా ఈ ఒక్క ప్రశ్న దగ్గర నీళ్లు నమిలితే అక్కడితో తెగిపోతుంది.

"మీ సరుకుకు రంగు దిగలేదా మరి?" ఇక్కడే మీ మరిది దాచమన్న సంగతి ఉంది. హోటల్‌కు మొదట ఇచ్చిన 60 జంపఖానాల్లో 4 వాపసు వచ్చాయని, తెల్ల అంచుకు ఎరుపు అంటిందని రాశారు. నా మాట వినండి, అది దాచకండి. 4 వాపసు వచ్చాయి, కారణం వెతికాం, అద్దకం వేరే చోటికి మార్చాం, రెండోసారి ఇచ్చిన 60లో ఒక్కటీ రాలేదు. మీ 22 స్లైడ్లలో ఇంత బలమైన లెక్క ఇంకొకటి లేదు. తప్పు ఒప్పుకున్న మనిషి చెప్పే మిగతా అంకెలు కూడా నమ్మబుద్ధి అవుతాయి.

ఇంకొక సంగతి. మీ నాన్న తడిగుడ్డతో చేసేది ఇంటి అలవాటు అనుకుంటున్నారు కదా. బట్టల ల్యాబుల్లో అదే పరీక్షకు అంతర్జాతీయ ప్రమాణం ఉంది, ఐఎస్ఓ 105-ఎక్స్12. తెల్ల నూలు గుడ్డను పొడిగా ఒకసారి, తడిగా ఒకసారి కొలత ప్రకారం రుద్ది, అంటిన మరకను 1 నుంచి 5 వరకు గ్రేడు వేస్తారు. 5 అంటే అసలు అంటలేదని. ఒక నమూనా పంపి రిపోర్టు తెప్పించుకోండి. రుమాలు చూపించాక రెండో స్లైడులో ఆ రిపోర్టు పెట్టండి. బాపు చెయ్యి, ల్యాబు కాగితం ఒకే మాట చెప్తున్నట్టు ఉంటుంది. హోటళ్లవాళ్లు కూడా రేపు ఈ కాగితమే అడుగుతారు.

ఇక వాచ్‌మన్ ముచ్చట. ఇది చెప్పాలా వద్దా అన్నది నేను తేల్చను, మీరు కూడా ఒంటరిగా తేల్చలేరు. వాచ్‌మన్ పని సిగ్గుపడే పని కాదు, ఆ మాట ముందే చెప్తున్నా. అయినా ఆయన దాచుకున్నాడు. కారణం ఆయనది. నాలుగేళ్లు వాడకట్టుకు ఒక మాట చెప్పి నిలబెట్టుకున్న మనిషి, ఆ మాట యూట్యూబ్‌లో తెగిపోవడం పక్కింటివాళ్ల ఫోన్‌లో చూస్తే ఎట్లుంటుందో ఆలోచించండి. వీడియో ఒకసారి ఎక్కిందంటే దించడం మీ చేతిలో ఉండదు. పెట్టుబడి రాకపోతే ఇంకో చోట అడగవచ్చు, ఇది పోతే తిరిగి తెచ్చుకునే చోటు లేదు. ఆయనకు చెప్పకుండా చెప్పే దారిని మాత్రం నేను సమర్థించలేను.

అడిగి చెప్పే దారి ఉంది. అయితే "బాపు, నీ హైదరాబాద్ ముచ్చట చెప్పనా?" అని గడపలో నిలబడి అడగకండి. "నీ ఇష్టం బిడ్డా" అంటాడు. మన ఇండ్లల్లో ఆ మాటకు ఒప్పుకున్నట్టు అర్థం కాదు, బిడ్డకు అడ్డం పడొద్దని అర్థం. తీరికగా కూర్చుని, మీరు అక్కడ చెప్పబోయేది మొదటి నుంచి చివరి దాకా ఆయనకు వినిపించండి. వీడియో తీస్తారని, వాడలోవాళ్లు చూస్తారని, మీ అత్తగారింట్లో అందరికీ తెలుస్తుందని చెప్పండి. అమ్మను పక్కన ఉండనివ్వండి. ఏ ముక్క తీసేయమంటే అది తీసేస్తానని చెప్పి, రెండు రోజులు టైమివ్వండి. "ఇన్నేండ్లు మోసిన, చెప్పు బిడ్డా, నాకేం భయం" అనొచ్చు కూడా. ఆయన తప్పక నొచ్చుకుంటాడని మీరు ముందే తీర్మానించుకోవడం కూడా సరికాదు. ఎన్నేళ్లుగానో దించుకునే చోటు కోసం చూస్తున్న బరువేమో, మనకేం తెలుసు? అట్లా మనస్ఫూర్తిగా ఒప్పుకుంటే చెప్పండి, కాని చివర్లో, ఒకే ఒక వాక్యంగా. మొదట్లో చెప్తే మిగతా ఆరు నిమిషాలూ వాళ్లు జంపఖానాను చూడరు, మిమ్మల్ని జాలిగా చూస్తారు. జాలిపడ్డవాళ్లు ధర దగ్గర, వాటా దగ్గర మీతో సమానంగా కూర్చుని మాట్లాడరు.

ఆయన వద్దంటే ఆ తలుపు మూసేయండి. "పేరు చెప్పకుండా చెప్తే అయిపాయె" అని మీ మరిది అంటాడు. స్టేజీ మీద ఉన్నది మీరు, మీకు ఉన్నది ఒక్క తండ్రి. పేరు లేకపోయినా దాగదు.

నిజాం ప్యాలెస్ విషయానికి వస్తే, మీ ఇంట్లో దానికి ఒక్క కాగితం గాని, పెద్దల నోటి మాట గాని లేదని మీరే రాశారు. వదిలేయండి. "ఏ ప్యాలెస్? ఎప్పుడు?" అని ఒక్కరు అడిగితే తడిరుమాలు కూడా నాటకమే అనుకుంటారు. మన భాషలో "కతలు పడకు" అనే తిట్టు ఊరికే పుట్టలేదు. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో వరంగల్ తివాచీలు పెట్టిన మాట వాస్తవం. కాని అవి ముడులు వేసి నేసిన తివాచీలు. మీవి పడుగు పేకలతో చదునుగా నేసే దర్రీలు. తివాచీలు, జంపఖానాల నేతకు ఈ ఊరికి పాతకాలం నుంచి పేరుందని చెప్పుకోవచ్చు, "మావే పోయాయి" అనకూడదు. చెప్పుకోదలిస్తే వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ), అంటే ఈ సరుకు ఈ ప్రాంతానిదేనన్న ప్రభుత్వ ముద్ర, వచ్చింది, అది మీకు దగ్గరి సంగతి. అయితే ఆ ముద్ర మీ సరుకు మీద వాడాలంటే అధీకృత వినియోగదారుగా నమోదై ఉండాలి. మీరు గాని, మీ నేత కుటుంబాలు గాని నమోదయ్యారో లేదో ముందు చూసుకుని, ఆ తర్వాతే స్లైడు మీద వేయండి.

కల్పిత కథలకు విలువ లేదని కాదు. 2009లో రాబ్ వాకర్, జాషువా గ్లెన్ అనే ఇద్దరు అమెరికాలో పాత సామాన్ల దుకాణాల్లో చిల్లర వస్తువులు 128.74 డాలర్లకు కొని, ఒక్కోదానికి ఒక్కో రచయితతో కథ రాయించి ఈబేలో అమ్మారు. మొత్తం 3,612.51 డాలర్లు వచ్చాయి. ఇది మీ మరిదికి తప్పక చెప్పండి, సంబరపడతాడు. దాంతోపాటు ఇంకో ముక్క కూడా చెప్పండి: అవి కల్పిత కథలని, ఫలానా రచయిత రాశాడని కొనేవాళ్లకు ముందే చెప్పారు. ఎవరినీ నమ్మించలేదు.

మరిదితో గొడవ పెట్టుకోకండి. ఆయనకు వ్యాపారం మీద ప్రేమ ఉంది, తొందర ఉంది. "నీ కథ వద్దు" అంటే ఎదురు తిరుగుతాడు. ఒకరోజు భోజనాలయ్యాక, ఏమీ ముందు చెప్పకుండా, రుమాలు పట్టుకుని ఆయన ముందు ఈ 7 నిమిషాలు చెప్పి చూపించండి. మరునాడు వాచ్‌మన్ కథతో చెప్పించుకోండి. రెండూ విన్న ఇద్దరు ముగ్గురిని, వీలైతే వ్యాపారం తెలిసిన బయటి మనుషులను (వాచ్‌మన్ ముచ్చట మీ నాన్నదని చెప్పకుండా, ఎవరిదో అన్నట్టుగా వినిపించండి), రెండు రోజులయ్యాక ఫోన్ చేసి అడగండి: "మేము పైసలు దేనికి అడిగినం?" దేనికో చెప్పగలిగితే ఆ కథ పనిచేసినట్టు. అప్పటికీ ఆయన వినకపోతే, ఈ ఒక్కటి మా నాన్న విషయం, ఇందులో మాట నాది అని నెమ్మదిగా, గట్టిగా చెప్పే హక్కు మీకుంది.

బ్యాంకు దారి కూడా వదలకండి. ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం, పీఎంఈజీపీ కింద, తయారీ యూనిట్లకు 50 లక్షల ప్రాజెక్టు దాకా అప్పు, మహిళలకు పట్టణాల్లో 25 శాతం, గ్రామాల్లో 35 శాతం సబ్సిడీ ఉంది. ఈ శాతాలు కొత్త యూనిట్లకు, మీది ఇప్పటికే నడుస్తున్న వ్యాపారం కాబట్టి అద్దకం యూనిట్‌ను ఎట్లా చూస్తారో జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడగండి. వాటా ఎవరికీ పోదు. నెలనెలా కిస్తీ మాత్రం ఆర్డరు ఉన్నా లేకున్నా కట్టాలి. పెట్టుబడిదారు అయితే కిస్తీ ఉండదు, నిర్ణయాల్లో ఇంకొకరు కూర్చుంటారు. బ్యాంకులో రుమాలు తీయకండి. అక్కడ కొటేషన్లు, హోటల్ రెండో ఆర్డరు కాగితం, ల్యాబు రిపోర్టు.

చివరగా రుమాలు గురించి ఒక జాగ్రత్త. స్టేజీ మీద రుద్దబోయే జంపఖానాను ముందే ఇంట్లో కనీసం పదిసార్లు, వేరువేరు మూలల్లో రుద్ది చూడండి. లేతరంగుది పట్టుకుపోకండి, తెలిసినవాళ్లు నవ్వుకుంటారు. ముదురు ఎరుపుదే తీసుకుపోండి. రవ్వంత అంటినా ఆ నూలు లాటుతో నేసినవన్నీ పక్కన పెట్టి వేరేది తీయండి. ఎర్రవాటిలో ఏది పట్టుకుపోవాలో మాత్రం మీ నాన్ననే ఎంచమనండి.